కుక్కపిల్ల ముక్కుతోందంటే మలబద్ధకమే అనుకోకండి

"అక్కా, మా పప్పీ పొద్దున్నుంచీ ముక్కుతోంది. ఏమీ రావట్లేదు, పాపం మూలుగుతోంది. కాస్త ఆముదం పట్టమంటారా?"

మస్కట్‌లో ఉండే మన తెలుగు స్నేహితురాళ్ళ నుంచి నాకు వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నల్లో ఇది మొదటిది. పిల్లలు పట్టుబట్టారనో, ఇంట్లో ఒంటరిగా అనిపిస్తోందనో ఇక్కడ చాలామంది కుక్కపిల్లని తెచ్చుకుంటున్నారు. మన ఊళ్ళో అయితే పక్కింటి పెద్దాయనో, పశువుల డాక్టరుగారో వెంటనే వచ్చి చూసేవారు. ఇక్కడ ఆ వీలు లేదు. నేను జువాలజీతో బీఎస్సీ చేసిన గృహిణిని, పశువైద్యురాలిని కాదు. కాబట్టి ఏ మందు వేయాలో, ఎంత వేయాలో నేను చెప్పను. కానీ అడిగిన ప్రతివాళ్ళకీ ఒక మాట మాత్రం చెబుతాను. మందు సంగతి తర్వాత, ముందు వంగి ఏం వచ్చిందో చూడండి.

ఎందుకంటే కుక్కపిల్ల ముక్కడం అనేది జబ్బు పేరు కాదు, ఒక లక్షణం మాత్రమే. దాని వెనక మలబద్ధకం ఉండొచ్చు, సరిగ్గా దానికి వ్యతిరేకమైన విరేచనాలూ ఉండొచ్చు. నులిపురుగులు ఉండొచ్చు, పేగులో ఖర్జూరం గింజ ఇరుక్కుని ఉండొచ్చు, పార్వో మొదలై ఉండొచ్చు. ఒకదానికి పనికొచ్చే చిట్కా ఇంకోదానికి ప్రాణం మీదికి తెస్తుంది.

విరేచనాల్లో కూడా ఎందుకు ముక్కుతుంది?

చాలామంది పొరబడేది ఇక్కడే. పెద్దపేగు చివరి భాగంలోకి మలం చేరగానే అక్కడి నరాలు "నిండింది, ఖాళీ చెయ్యాలి" అని కబురు పంపుతాయి. ఆ భాగం వాచి ఒరుసుకుపోయినప్పుడు లోపల ఏమీ లేకపోయినా అదే కబురు వెళుతూ ఉంటుంది. మనకి జిగట విరేచనాలు పట్టుకున్నప్పుడు పదిసార్లు వెళ్ళినా ఇంకా ఉన్నట్టే అనిపిస్తుందే, అదే బాధ. కుక్కపిల్ల కూడా నాలుగు అడుగులకోసారి వంగి కూర్చుని ముక్కుతుంది, ఒక చెంచాడు జిగురు పడుతుంది, మళ్ళీ కూర్చుంటుంది. చూసేవాళ్ళకి "పాపం, రావట్లేదు" అనిపిస్తుంది. నిజానికి ఉదయం నుంచీ వచ్చిందంతా వచ్చేసింది, పేగు మంట మాత్రం మిగిలింది. అలాంటి పేగులో ఆముదం పోస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. మగ కుక్కపిల్ల మూత్రం రాక ముక్కుతున్నా దూరం నుంచి చూస్తే మలం కోసం ముక్కుతున్నట్టే ఉంటుంది. అందుకే చివరిసారి మూత్రం ఎప్పుడు పోసిందో కూడా గుర్తు చేసుకోండి. మూత్రం ఆగిపోవడం గంటల్లో ప్రమాదంగా మారే పరిస్థితి.

ఏం వచ్చిందో చూసి గుర్తుపట్టడం

ప్యూరినా సంస్థ కుక్కల మలాన్ని 1 నుంచి 7 వరకు అంకెలతో కొలిచే పట్టిక ఒకటి చేసింది. 1 అంటే గట్టి గోళీలు, 7 అంటే నీళ్ళు. 2 మంచిది, అంటే గట్టిగా ఉండి, తీస్తే నేలకి పెద్దగా అంటుకోకుండా వచ్చేది. చాలామంది డాక్టర్లకి ఈ పట్టిక పరిచయమే. "కొంచెం లూజ్‌గా ఉందండీ" అనే బదులు "నిన్న 4లా ఉంది, ఇవాళ 7" అంటే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఫోటో తీసి పెట్టుకుంటే మరీ మంచిది. అసహ్యం అనుకోకండి, ఆ ఫోటో సగం పరీక్ష.

గట్టి మేకపెంటికల్లా, పొడిగా వస్తే అది నిజమైన మలబద్ధకం. తెల్లగా సుద్దలా పొడిపొడిగా ఉంటే ఎముకలు ఎక్కువ తిన్నదని అర్థం.

కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, జిగురుతో, పైన ఎర్రటి రక్తపు చారతో వస్తే పెద్దపేగు వాచినట్టు. తిండి మార్పు, కొత్త ఇంటి బెదురు, నులిపురుగులు, జియార్డియా అనే ఏకకణ జీవి దీనికి మామూలు కారణాలు.

ఎక్కువ మోతాదులో నీళ్ళలా వస్తూ, పిల్ల చిక్కిపోతుంటే చిన్నపేగు దెబ్బతిన్నట్టు. నల్లగా తారులా ఉంటే పైభాగంలో ఎక్కడో రక్తం కారుతోందన్నమాట. ఆ నలుపు జీర్ణమైన రక్తం.

సేమ్యాలా తెల్లటి పొడుగు పురుగులు కనిపిస్తే ఏలికపాములు. మలద్వారం దగ్గర దోసగింజల్లాంటివి అంటుకుని ఉంటే బద్దెపురుగులు, ఇవి ఫ్లీ పురుగుల వల్ల వస్తాయి.

వాంతులతో పాటు, భరించలేని నీచు వాసనతో రక్తపు నీళ్ళలా వస్తే, మిగిలిన వ్యాసం తర్వాత చదువుకోండి, ముందు క్లినిక్‌కి బయల్దేరండి. అది పార్వో కావచ్చు.

నిజంగా మలబద్ధకమే అయితే

ఒమన్‌లో దీనికి కొన్ని ప్రత్యేక కారణాలు ఉన్నాయి. మొదటిది ఎండ. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ ప్రభుత్వమే నిబంధన పెట్టింది. మనుషులకే అలా ఉంటే తారురోడ్డు మీద పప్పీ పాదాలు ఏం కావాలి? కాబట్టి బయటికి తీసుకెళ్ళం. పొద్దున్న 5 గంటలకి ఒకసారి, రాత్రి ఒకసారి తిప్పి ఊరుకుంటాం. మధ్యలో అది ఆపుకుంటుంది. ఆపుకున్నంతసేపూ పెద్దపేగు మలంలోని నీటిని పీల్చేస్తూనే ఉంటుంది. సాయంత్రానికి అది రాయవుతుంది. బాల్కనీలోనో, బాత్రూమ్ మూలనో పాటీ ప్యాడ్ పెట్టి, తిన్న పావుగంట నుంచి అరగంట లోపు అక్కడికి తీసుకెళ్ళడం అలవాటు చేయండి. పొట్టలోకి తిండి చేరగానే పెద్దపేగు కదలడం సహజం కాబట్టి ఆ సమయం కలిసొస్తుంది.

రెండోది నీళ్ళు. పెద్ద కుక్కకి కిలో బరువుకి రోజుకి సుమారు 60 మిల్లీలీటర్లు కావాలి, పిల్లలకి ఇంకా ఎక్కువ. ఏసీ గదిలో పడుకున్న పప్పీ గిన్నె దాకా వెళ్ళి తాగడం మర్చిపోతుంది. రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టండి. పొడి తిండిని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పెట్టండి.

మూడోది ఎముకలు. బిర్యానీ, మండీ తిన్నాక ప్లేటులో మిగిలిన ఎముకలు కుక్కకి వేయడం మనకి తరతరాల అలవాటు. ఉడికిన ఎముక పెళుసుగా మారి సూదుల్లా విరుగుతుంది. విరగకపోతే పేగు చివర సిమెంటులా గడ్డకడుతుంది. రెండూ బాధే.

నాలుగోది ఇసుక. మస్కట్‌లో సముద్రం దగ్గర కాబట్టి బీచ్‌కి తీసుకెళతాం. పప్పీలు ఇసుక తవ్వుతూ, బంతితో పాటు నోట్లోకి తీసుకుంటూ చాలానే మింగుతాయి. ఆ ఇసుక పేగులో దిగి అడ్డం పడుతుంది. సముద్రపు నీళ్ళు తాగితే ఉప్పు వల్ల వాంతులు, విరేచనాలు. వెళ్ళేటప్పుడు మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళండి.

ఐదోది ఎవరికీ తట్టనిది. షిట్జు, పొమరేనియన్ లాంటి బొచ్చు జాతుల్లో ఒకసారి విరేచనమై, తోక కింది వెంట్రుకలకి అంటుకుని ఎండిపోతే, అదే మలద్వారానికి మూత అవుతుంది. లోపల మలం మామూలుగానే ఉంటుంది, బయటికి దారే ఉండదు. పప్పీ ముక్కి ముక్కి అరుస్తుంది. తోక ఎత్తి చూడండి. అదే కారణమైతే గోరువెచ్చని నీళ్ళతో మెల్లగా నానబెట్టి, విడదీసి, ఆ చుట్టూ వెంట్రుకలు జాగ్రత్తగా కత్తిరించాలి. చర్మం పుండయి ఉంటే క్లినిక్‌లోనే చేయించండి.

పప్పీ హుషారుగా ఉండి, తింటూ, వాంతులు లేకుండా, ఒక్కరోజే గట్టిగా వస్తుంటే ఇంట్లో ప్రయత్నించదగింది తియ్య గుమ్మడికాయ. ఉప్పు, నూనె, తాలింపు లేకుండా ఉడికించి, మెత్తగా చేసి, చిన్న పప్పీకి ఒక టీ స్పూను తిండిలో కలపండి. దాంతో పాటు నీళ్ళు, కాస్త నడక. ఇసబ్గోల్‌ని డాక్టర్లు కూడా వాడతారు కానీ నీళ్ళు సరిపోకపోతే అదే గడ్డకట్టి అడ్డం పడుతుంది, అడగకుండా వేయకండి. ఒకరోజు దాటినా రాకపోతే, లేదా ముక్కినప్పుడల్లా ఏడుస్తుంటే ఇక ఇంట్లో ఆపండి.

మన వంటింట్లోంచి వచ్చే విరేచనాలు

పప్పీ కొత్తగా ఇంటికొచ్చిన వారంలో విరేచనాలు అవడం సాధారణం. అమ్మకి దూరమైన బెదురు, కారు ప్రయాణం, మారిన తిండి. ముందున్న చోట ఏ తిండి తిన్నదో అడిగి అదే కొన్నాళ్ళు పెట్టండి. మార్చాలంటే వారం రోజులు పట్టాలి, పాతదాంట్లో కొత్తది పాలు పెంచుతూ కలపాలి. ఇక్కడి ఎండల్లో తిండి బస్తాని బాల్కనీలోనో కారు డిక్కీలోనో ఉంచకండి, అందులోని కొవ్వు పాడై పేగుని దెబ్బతీస్తుంది.

పాలు మరో కారణం. పాలు మరిచాక చాలా కుక్కపిల్లల్లో పాలలోని లాక్టోజ్ చక్కెరని అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. గిన్నెడు ఆవుపాలు పోస్తే అరగని చక్కెర పేగులోకి నీళ్ళు లాగుతుంది. పెరుగులో లాక్టోజ్ తక్కువ కాబట్టి ఒక చెంచాడు చప్పటి పెరుగు చాలా పప్పీలకి సరిపడుతుంది. అంతమాత్రాన మూడు పూటలా పెరుగన్నం పెడితే ఎదిగే పిల్లకి కావలసిన మాంసకృత్తులు, కాల్షియం సరిపోవు. మీరు శాకాహారులైనా సరే, పప్పీకి మాత్రం పప్పీల కోసం తయారుచేసిన తిండే పెట్టండి.

ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. ఉడికించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. అంటే మన కూరలు, సాంబారు, మసాలా అన్నం ఏవీ పనికిరావు. చాక్లెట్ కూడా అంతే.

కిస్మిస్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలని పాడుచేస్తాయని డాక్టర్లకి చాలాకాలంగా తెలుసు, ఎందుకో మాత్రం తెలియలేదు. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ జంతు విష నియంత్రణ కేంద్రం వైద్యులు, ఇంట్లో చేసిన ప్లే డో తిన్న కుక్కకి కూడా అలాగే కిడ్నీలు దెబ్బతినడం గమనించారు. ఆ ప్లే డోలో క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది. దాంతో ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణమై ఉండాలని ప్రతిపాదించారు. ఆ తర్వాత చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే కనిపించిందని రాశారు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం బాగా ఉంటుంది మరి. కాబట్టి పండగరోజు పరవాన్నంలో కిస్మిస్, పులిహోర ముద్ద, పిసికి పడేసిన చింతపండు పిప్పి, ఏదీ పప్పీకి అందకూడదు. చెత్తబుట్టకి మూత ఉండాలి. తిన్నదని తెలిస్తే వాంతులు, విరేచనాలు మొదలయ్యేదాకా ఆగకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.

గింజల సంగతి కూడా. ఒమన్‌లో ఏ ఇంటికెళ్ళినా ఖర్జూరం, కహ్వా పెడతారు, మన ఇళ్ళల్లోనూ ఖర్జూరం డబ్బా టీపాయ్ మీదే ఉంటుంది. గింజ చిన్న పప్పీ పేగులో ఇరుక్కోవడానికి సరిపడే సైజు. ఎండాకాలంలో మామిడి టెంక ఇంకా ప్రమాదం. అడ్డం పడితే మొదట వాంతులు, తిన్నది నిలవకపోవడం, పొట్ట పట్టుకుంటే అరవడం, తర్వాత మలం ఆగిపోవడం. పిల్లల సాక్సులు, లెగో ముక్కలు, హెయిర్ బ్యాండ్లు కూడా ఈ జాబితాలోవే.

ఏలికపాములు పుట్టుకతోనే వస్తాయి

"మా పప్పీ అపార్ట్‌మెంట్ దాటి బయటికే వెళ్ళదు, పురుగులెక్కడివి?" అంటారు. టాక్సోకారా అనే ఏలికపాము లార్వాలు తల్లి కండరాల్లో నిద్రపోతూ ఉండి, చూలుతో ఉన్నప్పుడు మేలుకుని కడుపులోని పిల్లలకి చేరతాయి. పాల ద్వారా కూడా వస్తాయి. కాబట్టి పప్పీ పుట్టేటప్పటికే వాటిని మోసుకొస్తుంది. కుండలా ఉబ్బిన పొట్ట, సన్నటి వీపు, మెరుపు లేని బొచ్చు, అప్పుడప్పుడూ విరేచనం, ఇవీ గుర్తులు. పురుగులు ఎక్కువైతే ఉండకట్టి పేగుకి అడ్డం పడతాయి కూడా. కొంకిపురుగులైతే పేగు గోడని పట్టుకుని రక్తం పీలుస్తాయి. చిగుళ్ళు పాలిపోతే వాటిని అనుమానించాలి.

అందుకే పుట్టిన 2 వారాలకే పురుగుల మందు మొదలుపెట్టి, 8 వారాల వరకు రెండు వారాలకోసారి, తర్వాత 6 నెలల వయసు దాకా నెలకోసారి వేయిస్తారు. మోతాదు బరువుని బట్టి ఉంటుంది, కాబట్టి ప్రతిసారీ తూచాలి. పప్పీని కొన్నప్పుడు "డీవార్మింగ్ అయిపోయిందండీ" అన్న మాట కాకుండా తేదీలు రాసిన కార్డు అడగండి.

మందు వేసినా విరేచనాలు ఆగకపోతే మల పరీక్ష చేయించాలి. జియార్డియా, కాక్సిడియా మామూలు పురుగుల మందుకి లొంగకపోవచ్చు. జియార్డియా ప్రతిరోజూ మలంలో కనపడదు, అందుకని డాక్టరు మూడు రోజుల నమూనాలు అడగొచ్చు. రెండు టీ స్పూన్లంత, అప్పుడే పడింది, శుభ్రమైన డబ్బాలో తీసుకెళ్ళండి. వాదీలకి పిక్నిక్ వెళ్ళినప్పుడు నిలవ నీటి గుంటల్లో పప్పీని తాగనివ్వకండి. జియార్డియా నీళ్ళ ద్వారా కూడా అంటుకుంటుంది.

పార్వో: గంటలు లెక్కపెట్టాల్సిన జబ్బు

1978లో ఈ వైరస్ ప్రపంచమంతా ఒక్కసారిగా వ్యాపించి లెక్కలేనన్ని కుక్కపిల్లలని తీసుకుపోయింది. పిల్లుల్లో ఉండే ఒక వైరస్‌కి ఇది దగ్గర బంధువు. వ్యాక్సిన్ త్వరలోనే వచ్చింది. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా 6 వారాల నుంచి 6 నెలల లోపు పిల్లలకి ఇదే పెద్ద శత్రువు.

ఇది వేగంగా విభజన చెందే కణాలని వెతుక్కుంటుంది. పేగు లోపలి పొర, ఎముక మజ్జ అలాంటివే. పేగు పొర ఊడిపోతే తిన్నది, తాగింది ఒంటపట్టదు, రక్తంతో సహా కారిపోతుంది. మజ్జ దెబ్బతింటే తెల్లరక్తకణాలు పడిపోయి, పేగులోని బాక్టీరియా రక్తంలోకి వెళుతుంది. సోకిన 3 నుంచి 7 రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి. మొదట నీరసం, తిండి మానేయడం, తర్వాత వాంతులు, ఆ తర్వాత విరేచనాలు. మొదటిరోజు రక్తం ఉండకపోవచ్చు. "రక్తం లేదుగా, రేపు చూద్దాం" అనుకోవడం ఇక్కడ ప్రమాదం.

వైరస్‌ని చంపే మందు వాడుకలో సులువుగా దొరికే జబ్బు కాదిది. సెలైన్, వాంతులు ఆపే మందు, యాంటీబయాటిక్, పోషణ ఇచ్చి శరీరం తేరుకునేదాకా నిలబెట్టడమే వైద్యం. వేళకి ఆస్పత్రిలో చేర్చినవాటిలో ఎక్కువ భాగం బతుకుతాయి, చేర్చనివాటిలో ఎక్కువ భాగం చనిపోతాయి. క్లినిక్‌లో మలంతో చేసే కిట్ పరీక్ష నిమిషాల్లో ఫలితం చెబుతుంది.

మూడు డోసులు ఎందుకని చాలామంది అడుగుతారు. తల్లి పాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతకాలం వ్యాక్సిన్‌ని కూడా అడ్డుకుంటుంది. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకని 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి వేస్తూ, చివరి డోసు 16 వారాలు నిండాక పడేలా చూడాలని వరల్డ్ స్మాల్ యానిమల్ వెటర్నరీ అసోసియేషన్ చెబుతోంది. రెండు డోసులతో ఆపేసి, వేసవి సెలవులకి ఇండియా వెళుతూ పప్పీని బోర్డింగ్‌లో వదిలితే అది రక్షణ లేకుండా వదిలినట్టే.

ఈ వైరస్ మనుషులకి రాదు కానీ మన చెప్పుల మీద ప్రయాణిస్తుంది, నేల మీద నెలల తరబడి బతుకుతుంది. చెప్పులు గుమ్మం బయట విడిచే మన అలవాటు ఇక్కడ మంచిదే అయింది. మామూలు ఫ్లోర్ క్లీనర్లకి, శానిటైజర్‌కి ఇది చావదు. ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు నిలవనిస్తే చస్తుంది. ఆ సమయంలో పప్పీ వేరే గదిలో ఉండాలి, బ్లీచ్‌లో ఇంకే క్లీనరూ కలపకూడదు.

ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా

మనందరి ఇళ్ళల్లో ఒక డబ్బా ఉంటుంది. అందులోంచి పప్పీకి తీయకూడనివి ఇవి.

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్: నొప్పిగా ఉందని వేస్తారు. మొదటిది కాలేయాన్ని, రక్తకణాలని, రెండోది పొట్టని, కిడ్నీలని దెబ్బతీస్తుంది.

లోపరమైడ్: విరేచనాన్ని ఆపుతుంది, దాంతో పాటు విషాన్నీ లోపలే ఉంచుతుంది. కోలీ రకం కుక్కల్లో నేరుగా మెదడు మీద పనిచేస్తుంది.

మెట్రోనిడజోల్: మనకి "మోషన్స్ మందు". యూరప్ పశువైద్య నిపుణుల బృందం ఎనోవాట్ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, తేలికపాటి విరేచనాలకి యాంటీబయాటిక్స్ వద్దని చెప్పింది. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేగులోని మంచి బాక్టీరియా మాత్రం అనవసరంగా పోతుంది.

పిల్లల ఎనిమాలు: వీటిలో చాలావాటిలో ఫాస్ఫేట్ ఉంటుంది. చిన్న కుక్కల్లో అది రక్తంలోకి చేరి కాల్షియాన్ని పడగొడుతుంది, ఫిట్స్ వస్తాయి.

షుగర్ ఫ్రీ సిరప్‌లు, చూయింగ్ గమ్‌లు: జైలిటాల్ ఉంటే కుక్కల్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది.

ఆముదం, పారాఫిన్ నూనె నోట్లో పోయడం: రుచి తెలియని నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. అడ్డం పడి ఉన్న పేగుని బలవంతంగా తోస్తే చిరిగే ప్రమాదం. ఇక వాము నీళ్ళు, జీలకర్ర కషాయంతో జరిగే పెద్ద నష్టం ఆలస్యం.

ఇంట్లో ఏం చేయొచ్చు, ఎప్పటిదాకా?

వ్యాక్సిన్‌లు పూర్తయి, హుషారుగా ఆడుకుంటూ, వాంతులు లేకుండా, రక్తం లేకుండా రెండు మూడు సార్లు పల్చగా వెళ్ళిన పప్పీకి ఒకరోజు ఇంట్లో చూడొచ్చు. తోలు తీసిన కోడిమాంసం ఉప్పు లేకుండా ఉడికించి, ఒక వంతుకి రెండు వంతులు మెత్తటి అన్నం కలిపి, కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదు సార్లు పెట్టండి. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పెద్ద కుక్కల్లా పప్పీని పస్తు పెట్టకూడదు. చిన్న జాతుల పిల్లలు కొన్ని గంటలు తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతాయి, తూలతాయి. అలా అయితే చిగుళ్ళకి కాస్త తేనె రాసి వెంటనే బయల్దేరండి.

నీళ్ళు తగ్గాయా అని చూడటం తేలిక. పైపెదవి ఎత్తండి. చిగురు తడిగా, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. జిగురుగా, తెల్లగా ఉంటే బాగోలేదు. ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉండటం కుక్కలకి మామూలే, అది జ్వరం కాదు.

ఈ కింది వాటిలో ఒక్కటి ఉన్నా ఆగొద్దు.

- రెండుసార్లకి మించి వాంతులు, లేదా తాగిన నీళ్ళు కూడా నిలవకపోవడం
- మలంలో రక్తం, నల్లటి తారులాంటి మలం
- డల్‌గా పడుకుని, ఇష్టమైనది పెట్టినా మొహం తిప్పుకోవడం
- పొట్ట ఉబ్బడం, ముట్టుకుంటే అరవడం
- ఖర్జూరం గింజ, టెంక, ఎముక, గుడ్డ మింగిందని అనుమానం
- మూత్రం రాకపోవడం
- ముక్కిన తర్వాత మలద్వారం నుంచి ఎర్రటి గొట్టంలా బయటికి రావడం. దాన్ని లోపలికి తోయకండి, తడిగుడ్డ కప్పి తీసుకెళ్ళండి
- వ్యాక్సిన్‌లు పూర్తికాని పిల్లకి ఏ రకమైన విరేచనం, వాంతి అయినా

మూత్రం సంగతి, మింగిన గింజ సంగతి అర్ధరాత్రయినా ఆగవు.

గురువారం సాయంత్రం పని

ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. గురువారం రాత్రి మొదలైన విరేచనాన్ని "ఆదివారం చూపిద్దాం" అంటే మధ్యలో రెండు పగళ్ళు, మూడు రాత్రులు. పార్వో ఉన్న పిల్లకి అంత వ్యవధి ఉండదు. పప్పీ బాగున్న రోజునే మీ దగ్గరి రెండు క్లినిక్‌ల నంబర్లు, శుక్రవారం వేళలు, రాత్రిపూట అత్యవసరానికి ఎవరు చూస్తారో కనుక్కుని ఫ్రిజ్ మీద అంటించండి. వ్యాక్సిన్ కార్డు ఫోటో ఫోన్‌లో ఉంచండి. సూర్, ఇబ్రి, దుకమ్ లాంటి చోట్ల ఉండేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. మస్కట్ చేరడానికి గంటల ప్రయాణం కాబట్టి వాళ్ళు ఒక మెట్టు ముందే బయల్దేరాలి. వెళ్ళే ముందు ఫోన్ చేసి పార్వో అనుమానం అని చెబితే, మిగిలిన కుక్కలకి అంటకుండా పప్పీని కారులోనే చూసే ఏర్పాటు చేస్తారు. ఎదురుచూసేటప్పుడు ఏసీ ఆపి పప్పీని కారులో ఒంటరిగా వదలకండి.

చివరగా మన పిల్లల గురించి. ఏలికపాము గుడ్లు మట్టిలో కొన్ని వారాలు ఉంటేనే అంటుకునే స్థితికి వస్తాయి. పడిన మలం ఏరోజుకారోజు తీసేస్తే ఆ దశే రాదు. తీయకపోతే అవి పిల్లల చేతుల ద్వారా కడుపులోకి వెళ్ళి కాలేయానికి, కంటికి కూడా చేరగలవు. బిల్డింగ్ కింద ఆడుకునేది మన పిల్లలే కాదు, ఒమానీ పిల్లలు, మలయాళీ పిల్లలు, అందరి పిల్లలూ. బయటికి వెళ్ళేటప్పుడు కవర్ జేబులో పెట్టుకోండి, పప్పీతో ఆడి వచ్చిన పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి, పప్పీ పురుగుల మందు తేదీని క్యాలెండర్‌లో పిల్లల చేతే రాయించండి. తెచ్చుకున్నది వాళ్ళ కోసమేగా, బాధ్యతలో వాళ్ళకీ కొంచెం వాటా ఉండనివ్వండి.